బిచెనో దాకా నడిపేదెవరు

స్కాట్స్‌డేల్ నుంచి లాన్సెస్టన్‌కి దిగే కొండదారి. స్టీరింగ్ ముందు పదిహేడేళ్ళ టెగన్, పక్క సీట్లో తల్లి జోస్లిన్. పదకొండింటికి టెగన్‌కి డ్రైవింగ్ టెస్టు, నాలుగోసారి.

“...మూడు డబ్బాలు పెట్టా. నాలుగు లీటర్లవి. మూతలతో సహా.”

“ఐస్‌క్రీమ్ డబ్బాలా?”

“ఊఁ. పోయినసారి రెండు చాల్లేదు.”

“అమ్మా, ట్రిప్పంటే అందరిళ్ళలో టవల్స్ సర్దుకుంటారు. మనింట్లో వాంతి పట్టే డబ్బాలు సర్దుతున్నాం.”

“టవల్స్ కూడా పెట్టాలే. మలుపొస్తోంది, గేరు తగ్గించు.”

“తగ్గించా.”

“బాగా తిప్పావు. ఆ దుంగల లారీకి దూరంగా ఉండు.”

“చూశా. నెవ్ బాబాయ్ కూడా వస్తున్నాడా?”

“రాకేం. మీ నాన్న ఎక్కడుంటే వాడక్కడ.”

“నా పక్కన మాత్రం కూర్చోబెట్టకు.”

“నీ పక్కనెలా కూర్చుంటాడే? ఈసారి నువ్వు స్టీరింగ్ దగ్గరుంటావు. నీ పక్కన నేను. వాళ్ళిద్దరూ వెనక.”

“పాసయితే.”

“అవుతావు.”

“పోయినేడు సముద్రం చూద్దామని కారు దిగి నిలబడ్డానా, వెనకనుంచి వెచ్చగా ఏదో పడింది. వానేమో అనుకుని టోపీ తల మీదికి లాక్కున్నా. బాబాయ్ నా వానకోటు టోపీలో కక్కాడమ్మా.”

“తెలుసు. ఉతికింది నేనేగా.”

“జుట్టు ఎవరు కడుక్కున్నారు? ఆల్చిప్పలేసి కాచిన నల్ల బీరట. నాలుగు రోజులు నా దిండు కూడా చేపల బుట్ట కంపు కొట్టింది.”

“సెయింట్ హెలెన్స్ ఊళ్ళో తాగాడు అది. ఈసారీ ఉంది, బీరు కాసే చోట్ల లిస్టులో రెండోది.”

“ఛీ.”

“నన్నంటే ఏం లాభం, లిస్టు మీ నాన్నది. అదిగో, మాటల్లోనే ఫోను. పక్కకి ఆపు.”

“నేర్చుకునేవాళ్ళ ఎల్ పలకున్న కారులో ఫోను కుదరదు.”

“అందుకే ఆపమంటున్నా. అక్కడ, కొండ అంచున కార్లు ఆపే చోటుంది చూడు. చేతిబ్రేకు వేశావా? హలో, బెవన్.”

“జోస్, స్పీకర్లో పెట్టు, మన డ్రైవరమ్మ కూడా వింటుంది. నెవ్ ఇక్కడే ఉన్నాడు. మొత్తం ఏడు బ్రూవరీలు తేలాయి.”

“రాత్రి ఐదన్నావు.”

“స్వాన్‌సీ దగ్గర కొత్తగా ఒక బ్రూవరీ పెట్టారట. గొర్రెల బొచ్చు కత్తిరించే పాత షెడ్డులో. సముద్రపు నాచు వేసి కాస్తున్నారట.”

“గొర్రెల షెడ్డులో నాచు.”

“అలా అనకు, జనం ఎగబడుతున్నారట. ఏడోది హోబర్ట్ దాటాక, బీరులో వేసే హాప్స్ తోటల మధ్య. అంత దూరం వెళ్ళి అది చూడకుండా వస్తే ఎలా?”

“నాన్నా, బిచెనోలో పెంగ్విన్లు చూద్దామన్నావు.”

“చూద్దాం తల్లీ. సాయంత్రం బీరు దగ్గర కాస్త ఆలస్యమైతే మాత్రం చెప్పలేను. పెంగ్విన్లు ఎక్కడికి పోతాయి? రోజూ వస్తాయవి.”

“మూడేళ్ళ నుంచి రోజూ వస్తున్నాయి నాన్నా. మనమే వెళ్ళట్లేదు.”

“ఆ బ్రూవరీలో నీకూ బాగుంటుంది. వేడి వేడి చిప్స్, పిల్లలకి రంగులేసుకునే కాగితాలు. కుటుంబాలు వచ్చే చోటది.”

“నాకు పదిహేడు.”

“అందుకేగా లైసెన్సు తెచ్చుకోమంటున్నా. కొత్త లైసెన్సుతో ఎర్ర పీ పలక పెట్టుకున్నవాళ్ళు చుక్క ముట్టకూడదు. మనం చెప్పడం కాదు, చట్టమే చెబుతోంది. ఇంట్లో చట్టం తాగనివ్వని మనిషి ఒకరుంటే ఎంత సుఖమో నువ్వే చెప్పు.”

“ఎవరికి సుఖం?”

“అందరికీ. మీ అమ్మ కూడా ఈసారి ఒక గ్లాసు పుచ్చుకుంటుంది. కదా జోస్? ఈస్టర్‌కి పడమటి తీరం వేసుకుందామంటున్నాడు నెవ్. పీ పలక తీసేదాకా, అంటే మూడేళ్ళ దాకా మనకి ఢోకా లేదు.”

“బెవన్, బ్రూవరీలు తిప్పే బస్సులుంటాయి కదా. మీరిద్దరూ అందులో...”

“ముక్కూ మొహం తెలియని వాళ్ళతో బస్సులోనా? ఇది ఫ్యామిలీ ట్రిప్పు జోస్. సరే, టెస్టవగానే చెప్పండి, గదులు ఖాయం చేసేస్తా. టెగన్, స్టాపు గీత దగ్గర ఆగడం మర్చిపోకే.”

“మర్చిపోను నాన్నా.”

“పెట్టేశాడు. పద. అద్దం చూసుకుని రోడ్డెక్కు.”

“చూసుకున్నా. అమ్మా, నాకు వెళ్ళాలని లేదు.”

“టెస్టు భయం. లోపలికి వెళ్ళాక పోతుంది.”

“భయం కాదు. అసహ్యం. పుల్లటి బీరు నచ్చలేదని మళ్ళీ గ్లాసులోకే ఉమ్ముతారు. రోడ్డు పక్కన ఇద్దరూ వరసగా ఉచ్చకి నిలబడి, ఎవరిది దూరం పడుతుందా అని పందెం. వెనక కార్లలో వాళ్ళు హారన్ కొడితే వీళ్ళు చెయ్యూపుతారు. వాళ్ళలో మా లెక్కల టీచరు ఉంది పోయినసారి.”

“ఆవిడ చూడలేదన్నావు.”

“చూసిందని నీకు చెప్పలేదు.”

“...పోనీలే. నువ్వేం చూశావే, నేను పదిహేడేళ్ళు చూశా. నువ్వు కడుపులో పడ్డప్పుడు మీ నాన్న అన్నాడు, ఎలాగూ నువ్వు తాగకూడదు కదా జోస్, నువ్వే నడుపు అని. సబబే కదా అనుకున్నా. నువ్వు పుట్టావు, పళ్ళొచ్చాయి, ఊడాయి, మళ్ళీ వచ్చాయి. ఆయన లెక్కలో నేనింకా కడుపుతోనే ఉన్నా.”

“ఈసారి నువ్వు నడుపు అని ఎప్పుడూ అడగలేదా?”

“అడిగా.”

“ఏమన్నాడు?”

“నవ్వాడు. ముందు చూడు, వాలబీ కంగారూ ఒకటి చచ్చిపడుంది. తొక్కకు.”

“తొక్కను. మొన్నటి నుంచీ అక్కడే ఉంది. పొట్ట ఉబ్బిపోయి, నోరు తెరుచుకుని. అచ్చం నెవ్ బాబాయ్ తాగి పడుకున్నట్టు.”

“టెగన్.”

“ఈగలతో సహా.”

“చాలన్నానా. ...అలాగే ఉంటాడు వెధవ.”

“నవ్వుతున్నావు.”

“లేదు. రోడ్డు చూడు. ఇలా చెప్పకూడదు గానీ, ఈ ట్రిప్పు కోసం నేను రోజులు లెక్కపెట్టుకుంటున్నానే.”

“నువ్వా?”

“బిచెనోలో తేనె బీరు కాస్తారు. మన లెదర్‌వుడ్ పూల తేనెతో. ఏటా మీ నాన్న తాగేసి, లోపల ఇచ్చిరా జోస్ అని గ్లాసు నా చేతిలో పెడతాడు. బల్ల దగ్గర నుంచి కౌంటరు దాకా పాతికడుగులుంటుంది. ఆ పాతికడుగులూ వాసన చూసుకుంటూ నడుస్తా. అడుగున కాస్త నురగ ఉంటుంది. వేలు ముంచి నాకుదామనిపిస్తుంది, సంచిలో కారు తాళాలు గుర్తొస్తాయి.”

“వేలికంటినంత నాకితే ఏమీ కాదమ్మా.”

“వేలికంటినంత ఎందుకే నాకు? నిండు గ్లాసు కావాలి. ఎండలో, బయట బల్ల దగ్గర, కాళ్ళు చాపుకుని. తాళాలు నా సంచిలో ఉండకూడదు. ఎవడు ఎక్కడ కక్కుతున్నాడో నేను చూడక్కర్లేదు.”

“కొత్త చెప్పులు అందుకేనా?”

“చూశావా? మడమలున్నవి. నడపడానికి పనికిరానివే ఏరి మరీ కొన్నా.”

“మరి డబ్బా ఎవరు పట్టుకుంటారు?”

“ఏ డబ్బా?”

“ఐస్‌క్రీమ్ డబ్బా. నువ్వు బల్ల దగ్గర కూర్చుంటే.”

“...స్టాపు గీత వస్తోంది.”

“ఆగా.”

“ఆగావు. పూర్తిగా ఆగావు. అటు చూశావు, ఇటు చూశావు. నేను నాలుగు లెక్కపెట్టేదాకా కదల్లేదు.”

“ఎవరూ లేరు. పోనివ్వనా?”

“పోనివ్వు. మొదటి టెస్టులో స్టాపు గీత దాటావని ఫెయిల్ చేశారు.”

“కంగారులో.”

“రెండోసారి బడి ముందు నలభైలో పోవాల్సింది అరవైలో పోయావు.”

“బోర్డు కనపడలేదు.”

“ఆ బోర్డు మీద దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి టెగన్. కళ్ళు మూసుకున్నా కనపడతాయి. మూడోసారి ఎర్ర లైటు.”

“పసుపు.”

“కాగితం మీద ఎర్ర అని రాశారు.”

“అయితే ఎర్రే.”

“టెస్టుకి ఎనభై గంటలు నడిపితే చాలు, నువ్వు నా పక్కన నూట పది నడిపావు. వానలో, మంచులో, ఈ కొండ మీద. ఒక్క గీత దాటలేదు. పోయినసారి ఆ టెస్టు పెట్టే ఆవిడ నన్ను పక్కకి పిలిచింది, తెలుసా?”

“ఎందుకు?”

“మీ ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగింది. నాకు ఒళ్ళు మండి వచ్చేశా. అంత చక్కగా వెనక్కి తీసి కారు పెట్టిన పిల్ల, సిగ్నల్ వేసుకుని మరీ, నింపాదిగా ఎర్ర లైటు కింద నుంచి ఎందుకు పోయిందో ఆవిడకి అర్థం కాలేదట.”

“...పక్కకి ఆపనా?”

“వద్దు. నడుపుతూనే చెప్పు.”

“కావాలనే.”

“మూడుసార్లూ?”

“మూడుసార్లూ. మొదటిసారి నిజంగా పాసవుదామనే వెళ్ళా. కారెక్కుతుంటే నాన్న మెసేజీ. శనివారం నుంచి నీదే డ్యూటీ, డ్రైవరమ్మా, అని. ఆ గీత దగ్గరకి వచ్చేసరికి వానకోటు టోపీ గుర్తొచ్చింది. కాలు బ్రేకు మీదకి పోలేదు.”

“మరి ఓట్‌ల్యాండ్స్ పని?”

“తెలుసు.”

“ఆ పశువుల డాక్టరమ్మ నీ కోసం డిసెంబరు దాకా ఆగుతానంది. పొలాలకి ఒక్కదానివే కారేసుకుని వెళ్ళాలి, లైసెన్సు లేకపోతే ఇంకొకళ్ళని పెట్టుకుంటానంది. ఇంకా పది రోజులుంది. గుర్రాలు గుర్రాలని చిన్నప్పటి నుంచీ నన్ను చంపుకుతిన్నావు.”

“తెలుసమ్మా. రాత్రిళ్ళు అదే ఆలోచిస్తా. కానీ ఓట్‌ల్యాండ్స్ ఎంత దూరం? లైసెన్సుందంటే ప్రతి శుక్రవారం ఫోనొస్తుంది. రావే టెగన్, నీకెలాగూ తాగే పని లేదుగా అని. నేనూ వస్తా. నువ్వొచ్చినట్టే. పార్కింగులో కూర్చుని చిప్స్ తింటా, డబ్బా పట్టుకుంటా, తుడుస్తా. తర్వాత ఎప్పుడో ఒకరోజు ఈసారి నువ్వు నడుపు అంటే ఎవడో ఒకడు నవ్వుతాడు.”

“అద్దం చూసుకో.”

“ఇంకోటుంది. కోపం రాదంటే చెప్తా.”

“చెప్పు.”

“నిన్ను చూసినా అసహ్యమేస్తోందమ్మా. నాన్నని చూస్తే వేసేదానికంటే ఎక్కువ. నేను బాగా మలుపు తిప్పినప్పుడల్లా నీ మొహం వెలిగిపోతుంది. నా కోసమేమో అనుకునేదాన్ని.”

“ఎడమకి తిప్పు.”

“తిప్పా.”

“ఆ ఎర్ర ఇటుకల ఆఫీసు. చెట్టు కింద ఖాళీ ఉంది, అక్కడ పెట్టు. ఇంజిను ఆపు. టైమెంత?”

“పదకొండుకి పది నిమిషాలు. కోపమొచ్చిందా?”

“లేదు. నిజమే చెప్పావు. నూట పది గంటలూ ఆ గ్లాసే కళ్ళ ముందుంది. నువ్వు ఎప్పుడు నేర్చుకుంటావా, ఎప్పుడు తాళాలు నీ చేతిలో పడేసి వెళ్ళి కూర్చుందామా అని. సొంత కూతురికి డబ్బా అందించి నేను కాళ్ళు చాపుకుందామనుకున్నా. నా మీద నాకే రోతగా ఉంది.”

“అంత మాట అనాలని కాదు...”

“అన్నావుగా. మంచిదే. ...చూడు, మళ్ళీ మోగుతోంది.”

“నాన్నేనా?”

“ఆగలేడు. నువ్వు మాట్లాడకు. దగ్గు కూడా దగ్గకు. హలో.”

“జోస్, ఏమైంది? గదులవాళ్ళు ఇంకో లైన్లో ఉన్నారు.”

“అయిపోయింది.”

“అప్పుడేనా? పదకొండుకన్నావు కదా?”

“ముందే పిలిచారు. ఫెయిల్.”

“మళ్ళీనా?”

“మళ్ళీనే. స్టాపు గీత.”

“ట్రాక్టరు నడుపుతుంది, ట్రెయిలరు తగిలించి వెనక్కి తీస్తుంది, ఒక్క గీత దగ్గర ఆగలేదా? నెవ్, విన్నావా, నాలుగోసారి కూడా తప్పింది. అది నీ పోలిక జోస్, మా వైపు ఎవరూ ఇలా లేరు. ఎక్కడుంది, ఫోను దానికివ్వు.”

“ఏడుస్తోంది. దాని జోలికి రాకు. దానికి కారు అచ్చిరాలేదు, ఇక వదిలెయ్యి.”

“వదిలెయ్యక ఏం చేస్తాం. సరే, ఎప్పట్లాగే నువ్వు నడుపుదువుగానీ.”

“నడపను.”

“ఏంటి?”

“బిచెనోలో తేనె బీరు తాగుతున్నా. నిండు గ్లాసు. కొత్త చెప్పులు కూడా కొన్నా. నువ్వు నడుపు బెవన్, లేదంటే బస్సెక్కు.”

“జోస్? హలో? ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు.”

“వినపడింది నీకు.”

“హలో? నెవ్, ఏం వినపడట్లేదురా. హలో?”

“పెట్టేశాడా అమ్మా?”

“పెట్టేశాడు.”

“నేనింకా లోపలికే వెళ్ళలేదు.”

“తెలుసు. లైసెన్సొస్తే ఆ పశువుల డాక్టరమ్మకి చెబుదాం, మీ నాన్నకి కాదు. ఐదు నిమిషాలుంది. వెళ్ళి పాసయి రా.”