రెండు లైన్ల సర్వర్

వంటింటి గుమ్మంలో కూర్చుని మరదలు చిక్కుడుకాయలు వలుస్తోంది. బావ ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, మూసి ఉన్న పడగ్గది తలుపు వైపు చూశాడు.

"మీ అక్క లేచేలోపు అయిపోవాలి. సెలవు రోజున ఆఫీసు గడప తొక్కనని ఒట్టేశాను."

"ఏంటి బావా అంత రహస్యమైన పని?"

"ఆఫీసు లినక్స్ సర్వర్‌కి రెండు నెట్ లైన్లు. అందరూ పాత లైన్లోనే పడి నెట్ నత్తనడక నడుస్తోంది. పాత దారి తీసేసి, మొత్తం కొత్త లైన్లోకి మళ్లిస్తాను. ఇక్కణ్ణుంచే!"

"మరి మీరిప్పుడు దాన్లోకి ఏ లైన్లో వెళ్లారు?"

"పాతదాన్లోనే. అడ్డుప్రశ్నలు మాని గింజలు చూసుకో. ఇదిగో, ఒక్క నొక్కుడు!"

"నొక్కేశారా?"

"ఊఁ."

"మరి తెర కదలదేం?"

బావ అదే మీటను టకటకా నాలుగుసార్లు నొక్కాడు.

"మీకు జవాబొచ్చే దారి కూడా తీసేశారన్నమాట. పోనీ, మళ్లీ పెట్టెయ్యండి."

"పెట్టాలంటే లోపలికి వెళ్లాలి కదే! కొత్త లైన్ బయటివాళ్లని లోపలికి రానివ్వదు."

"అంటే ఆఫీసుకి."

"మెల్లగా మాట్లాడు తల్లీ!"

"మెల్లగానే అడుగుతున్నా. అక్క లేస్తే ఏం చెప్పమంటారు?"

పడగ్గదిలో మంచం కిర్రుమంది. బావ చెప్పులు చేత పట్టుకుని గడప దాటాడు.