మబ్బు నాది అన్న మనిషి

పెద్దలారా, అక్కలారా, కావడి మోసి భుజాలు కాయలు కాచిన నా తోటి దొంగల్లారా! ఎండ ఎక్కకముందే మడులు వదిలి, తెల్లబట్టలు కట్టుకుని ఇంతమంది వచ్చారు. పండగ భోజనానికైనా మీరింత పొద్దున్నే రాలేదు. భిక్షువులు వాళ్ళ మంత్రాలు చదివేశారు. ఇక నా వంతు. నాకు చదువు తక్కువ, నోరు ఎక్కువ. కున్థియా అక్క ఉంటే ఈపాటికి గరిటె చూపించేది. వారం కిందట వంటపాక నీడలో మధ్యాహ్నం కునుకు తీసి, మళ్ళీ లేవలేదు.

మన కాంపోట్ తీరం ఉప్పుమడుల్లో ఆవిడ ఎవరు? వంటమనిషి. అన్నం, ఎండుచేప, పులుసు. అంతవరకే ఆవిడ పని.

మరి మబ్బు ఎవరి పని? చెప్పండి! ఎవరిదీ కాదు.

మడిలో నీళ్ళు నిలిచినప్పుడు ఆకాశం మన కాళ్ళ కిందకు వస్తుంది. మబ్బుల్లో మడమలు ముంచి నడుస్తాం. ఏది పైనో, ఏది కిందో తెలీదు. అలా కలలో నడిచినట్టు నడుస్తూనే, ఒక యేడు కొండ మీంచి నల్లగా దిగుతున్న వానను చూశాం. నేను చూశాను. మీరూ చూశారు. మేస్త్రీ వుత్ అన్న కూడా చూశాడు. ఒక్కరైనా నోరు తెరిచామా? తొందరపడి ఇంకా గట్టిపడని పచ్చి ఉప్పు లాగించాక వాన పడకపోతే, నష్టమంతా కేక వేసినవాడి నెత్తిన. అందుకని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డాం. మన కళ్ళ ముందే తెల్లటి గుట్టలు నెమ్మదిగా, చప్పుడు లేకుండా, నీళ్ళయిపోయాయి.

మర్నాడు అక్క కుండ మూత, గరిటె పట్టుకుని బయటికొచ్చింది. “ఇవాళ్టి నుంచి మబ్బు నాది,” అంది.

వుత్ అన్న నవ్వాడు. “నీ పని కూర మాడకుండా చూసుకోవడమే తల్లీ!”

“కుండ పొయ్యి మీదుంది. కళ్ళు ఖాళీగానే ఉన్నాయిగా,” అంది.

మొదటి కేక ఏమయింది? మూత మోగింది, పరుగులు తీశాం, పచ్చి ఉప్పంతా లాగి పోశాం. మబ్బు మన నెత్తిన కాసేపు నిలబడి, ఏదో మరిచిపోయినట్టు సముద్రం వైపు వెళ్ళిపోయింది. ఫెళ్ళున ఎండ! నేను గొడుగేసుకుని వంటపాక ముందు సాయంత్రం దాకా పచార్లు చేశాను. “తడిసిపోతావురా సొఫాత్, లోపలికొచ్చి ఉల్లిపాయలు తరుగు,” అంది. తరిగించింది కూడా!

వుత్ అన్న మాత్రం నవ్వలేదు. “ఇంకోసారి ఉత్తకేక వేశావో, మూటాముల్లె సర్దుకో,” అన్నాడు. అన్నావా లేదా అన్నా? అన్నావు. ఆవిడకు ఆ వంటపాక తప్ప వేరే గూడు లేదు.

తర్వాత ఇంకో మబ్బు వచ్చింది. చిన్నది, బాతుపిల్లంత. కొండ భుజం మీద కూర్చుంది. అక్క మూత పట్టుకుని నిలబడింది. ఒకసారి వంటపాక వైపు, ఒకసారి కొండ వైపు చూసింది. ఊరుకుంటే గూడు మిగులుతుంది, ఎవరూ ఏమీ అనరు. ఎందుకొచ్చిన గొడవ?

ఆవిడ కొట్టింది.

వాన వచ్చింది. సగం ఉప్పు గోదాములో పడింది, సగం పోయింది. వుత్ అన్న తడిబట్టలతోనే వంటపాకలోకి వెళ్ళి, గంజి అడిగి తాగాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆవిడ మబ్బుల్ని చదివిన పండితురాలని మీరెవరూ గొప్పలు చెప్పకండి. ఆ తర్వాత కూడా చాలాసార్లు తప్పు కేకే వేసింది. తిట్లు తింది. మర్నాడు మళ్ళీ వాకిట్లో నిలబడి కొండను చూసింది. మన నెత్తిన పడాల్సిన తిట్లన్నీ తన తలగుడ్డలో మూటగట్టుకుంది.

వారం నుంచి ఆ మూత మేకుకు వేలాడుతోంది. దాని పక్కనుంచి పోతూ అందరం గొంతు సవరించుకుని వేరే వైపు చూస్తున్నాం. నేనూ అంతే.

లేవండి. అందరూ లేచి నిలబడండి. ఆవిడ కోసం కాసేపు మాట్లాడకుండా ఉందాం. తలలు మాత్రం వంచకండి, కొండ వైపు తిరగండి. ఈ మౌనంలో ఎవరికైనా అక్కడ నల్లగా ఏదైనా కనబడితే, సభ పాడవుతుందని మొహమాటపడకండి.

అరవండి. తప్పయినా సరే, అరవండి.