ఎర్ర బండికి బొట్టు

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్లుండే పేట, ఝపటాపూర్. విశ్వకర్మ పూజ రోజు, సాయంత్రం నాలుగున్నర. ముందుగదిలో ఇద్దరే ఉన్నారు. ఒకడు ప్రేమ్‌కుమార్, ఖరీదైన బొమ్మల్ని ఫోను ముందు పెట్టి తిట్టి నాలుగు వందల మంది అభిమానుల్ని సంపాదించుకున్నవాడు. రెండోవాడు వాళ్ల నాన్న గణపతిరావు, రైల్వే వర్క్‌షాపులో ఫైరింజన్ నడిపి రిటైరైనవాడు. ఇద్దరిలో ఎవరి నోరు పెద్దదో ఝపటాపూర్ ఇంకా తేల్చుకోలేదు.

“బొట్టు నాన్నా, బొట్టు. ఇది ఎవరు పెట్టినారు అని అడుగుతున్నాను.”

“ఏ బొట్టు?”

“ఈ బొట్టు. బొమ్మ బండి అద్దమే నా గోరంత ఉంది. బొట్టు అద్దం కంటే పెద్దదుంది.”

“మీ అమ్మ ఎట్టేసుంటాది.”

“అమ్మ మొన్ననే శ్రావణక్క ఇంటికి తాల్‌బగీచా వెళ్లిపోయింది. కొరియర్ దాదా ఈ డబ్బా తెచ్చింది నిన్న సాయంత్రం. అమ్మ దీని మొహం కూడా చూడలేదు.”

“అయితే కంపినీవోడే ఎట్టి పంపినాడేమో. ఈమద్దిన సైనావోళ్లు కూడా మన పూజలన్నీ తెలుసుకుంటన్నారు.”

“చైనావాడు పసుపు రాసి, గంధం రాసి, కుంకం పెట్టి, పైన గన్నేరు పువ్వు పెట్టి, మళ్లీ డబ్బాలో పెట్టి టేపు అంటించినాడు. అదీ మన ఇంట్లో కరెంటు పనికి వాడే నల్ల టేపు.”

“నల్ల టేపు అందరిళ్లలోనూ ఉంటాది.”

“నాన్నా.”

“ఏటి?”

“నా మొహం చూసి చెప్పు.”

“నీ మొహం పుట్టినప్పట్నుంచీ సూస్తన్నాను. కొత్తగా ఏటుంది అందులో?”

“ఐదింటికి లైవ్ పెట్టుకున్నాను. సీలు కొయ్యడమే నా వీడియో, అర్థమైందా? అందరూ చూస్తుండగా సీలు కోసి, బండిని బయటికి తీసి, ముప్పై ఆరు మలుపులు తిప్పి దాన్ని రోబో చెయ్యాల. నాలుగు నెలలు ఎదురుచూసినాను దీనికోసం. కలకత్తాలో ఒక బెంగాలీ దాదా ఉన్నాడు, ఆడూ బొమ్మల రివ్యూలే చేస్తాడు. నేను గోల్‌బజార్‌లో డూప్లికేట్లు కొని అసలువని చెబుతానని ఊరంతా ఆడి ప్రచారం. సీలు చూపించి ఆడి నోరు మూయిద్దామనుకున్నాను. ఇప్పుడు ఏం చూపించమంటావు? నల్ల టేపా?”

“బొట్టు సూపించు. డూప్లికేటుకి బొట్టెవడు ఎడతాడు?”

“అంటే నువ్వే పెట్టినావు.”

“ఎట్టినాను. అయితే ఏటి? విశ్వకర్మ పూజ రోజు ఇంట్లో యంత్రమన్నదాన్ని బొట్టు లేకుండా ఉంచుతారేటి? అరిష్టం కాదా?”

“మిక్సీకి పెట్టినావు, ఏమన్నానా? స్కూటీకి పెట్టినావు. కుట్టుమిషన్‌కి, ఇన్వర్టర్‌కి, నీళ్ల మోటారుకి. నా ఫోను స్టాండుకి కూడా పెట్టినావు. అది యంత్రమా?”

“మూడు కాళ్లున్నాయి కదా.”

“మూడు కాళ్లుంటే యంత్రమా? పీటకి పెట్టలేదే?”

“పీటకి నాలుగు.”

“నీతో మాట్లాడేకంటే దున్నపోతుకి ట్యూషన్ చెప్పడం నయం. ఆ గుడ్డ ఇటివ్వు. ఠీక్ హై, ఎలాగోలా తుడుస్తాను. కిరసనాయిలు ఉందా?”

“కిరసనాయిలు ఏసినావంటే రంగు ఊడిపోద్ది. అది పిలాస్టిక్కు. కొబ్బరినూనె రాయి, మెల్లగా రుద్దు. మీ అమ్మ సీసా కిటికీలో ఉంది.”

“బొట్టు పెట్టినవాడే తుడిచే విద్య కూడా చెబుతాడు.”

“అలాగ కాదు, ఒకే వైపు రుద్దు. ఇరవై నాలుగేళ్లు బండి తుడిసినాను, నాకు సెప్పకు. అయినా దీన్ని ఫైర్ బండంటే ఎవడు నమ్మినాడురా?”

“ఎందుకు నమ్మరు? ఎర్రగా ఉంది. నిచ్చెన ఉంది. పైన లైటుంది.”

“ఎర్రగా ఉంటే ఫైర్ బండయిపోద్దేటి? పోస్టు డబ్బా కూడా ఎర్రగానే ఉంటాది. నీళ్లెక్కడ పోస్తారు దీనికి?”

“నీళ్లుండవు నాన్నా.”

“మరి ట్యాంకుండాల్సిన సోట ఏటుంది?”

“తలకాయ. రోబో అయినప్పుడు అక్కణ్నించి పైకి లేస్తుంది.”

“ట్యాంకు తీసేసి తలకాయ ఎట్టినారు. బాగుంది. అవతల కొంప కాలిపోతంటే ఈడు తలకాయెత్తి సూస్తాడు.”

“ఇప్పుడు చూడు. ఇలా తిప్పితే కాళ్లు. ఇలా లాగితే చేతులు. డ్రైవర్ కేబిన్ రెండు ముక్కలై రెండు భుజాలవుతాయి.”

“డ్రైవర్ ఏడీ?”

“డ్రైవర్ ఉండడు. బండే మనిషి.”

“డ్రైవర్ లేని ఫైర్ బండి. ఊఁ. నిచ్చెన లాగు సూద్దాం.”

“లాగితే రాదు. ఒకటే ముక్క.”

“ఒకటే ముక్కా? అయితే మొదటి అంతస్తులో ఉన్నోడు బతుకుతాడు. రెండో అంతస్తోడు మెట్ల మీంచి దిగొచ్చి మన నిచ్చెనెక్కాల.”

“ఆగు ఆగు. అది మళ్లీ చెప్పు. ఫోను ఆన్ చేసినాను.”

“సెప్పిందే సెప్పడానికి నానేటి హరికథ దాసునా? హోసు పైపేదిరా?”

“ఇదుగో పక్కన.”

“ఇది బొమ్మ.”

“స్టిక్కరు నాన్నా. పైపు చుట్ట స్టిక్కరు.”

“హోసుకి స్టిక్కరు అంటించినారు. మంట కూడా స్టిక్కరే అయితే సరిపోద్ది. వీపు మీద ఆ గొట్టమేటి?”

“తుపాకీ. నిచ్చెన కింద దాచినారు. శత్రువుల్ని కాల్చడానికి.”

“మంటార్పడానికెల్లినోడికి తుపాకీ ఎందుకురా? మంటని కాలుస్తాడేటి?”

“నాన్నా, నువ్వు ఇన్నాళ్లూ ఎక్కడున్నావు? నాలుగు వందల మంది నా మాటలు వింటున్నారు, నేను నీ కాలిగోటికి కూడా చాలను. చెప్పు చెప్పు. మోకాళ్ల సంగతి చెప్పు.”

“ఏటి సెప్పాల? ఇందాక నువ్వు నిలబెడితే సూసినాను, కుడి మోకాలు అప్పుడే వదులు. కొత్త బండికి మోకాలు వదులు. మా వర్క్‌షాపులో ఇలాగ బిగించినోడికి ఛార్జిషీటు ఇచ్చీవోరు. పైన పటారం, లోన లొటారం. దీనికోసం నాలుగు నెలలు కాసుకునున్నావా నువ్వు?”

“పదికి ఎన్ని మార్కులేస్తావు?”

“డబ్బాకి ఆరు. బండికి సున్నా. కొరియర్ దాదాకి పది, ఎండలో మోసుకొచ్చినాడు.”

“వాహ్. సీలెలాగూ పోయింది. ఐదింటికి నువ్వు నా పక్కన కూర్చో. ఇదంతా మళ్లీ చెబుదువుగాని. ఆ కలకత్తా దాదా చచ్చూరుకుంటాడు.”

“నాను కూకోను. డబ్బాలో ఎట్టి దాసుకునీ బండికి నా నోరెందుకు? బండంటే బయటికెల్లాల.”

“నీ బండి మాత్రం ఏం వెళ్లింది నాన్నా? చిన్నప్పుడు ఇస్కూల్లో మీ నాన్న ఏటి చేస్తాడంటే ఫైర్ బండి తుడుస్తాడు అనేవాళ్లు. ఇరవై నాలుగేళ్లలో ఎన్నిసార్లు గంట కొట్టుకుంటూ వెళ్లిందది?”

“పదకొండు.”

“పదకొండు. మిగిలిన రోజులన్నీ షెడ్డులో నీడపట్టున.”

“ఎల్లకుండా ఉండడమే దాని ఉద్యోగం. అదెల్లిందంటే ఎవడో ఎక్కడో తప్పు సేసినాడని. దాని ఊసెత్తకు నువ్వు.”

“సర్లే, కోపమెందుకు? నవ్వుతాలకన్నాను.”

“నవ్వుతాలకైనా ఎత్తకు.”

“ఠీక్ హై, ఎత్తను. ఒక్కటి చెప్పు. ఇంత తిట్టినావు కదా దీన్ని. మరి బొట్టు అంత భక్తిగా ఎందుకు పెట్టినావు? మిక్సీకి వేలితో ఒక చుక్క. స్కూటీకి ఒక చుక్క. దీనికి పసుపు, గంధం, పువ్వు. ఇదుగో ఇక్కడ మసి కూడా ఉంది. హారతిచ్చినావా?”

“కర్పూరం మిగిలిపోయింది.”

“సున్నా మార్కుల బండికి హారతి?”

“సెప్పినాను కదా. కుంకం మిగిలింది, కర్పూరం మిగిలింది. పారేస్తారేటి?”

“ఎలా మిగిలింది? పొద్దున్న ఆరింటికి పళ్లెం పట్టుకుని షాపుకి వెళ్లినావు కదా, ప్రతి ఏడూ వెళ్లినట్టే. నీ ఎర్ర బండికి పెట్టేసి వస్తావు కదా.”

“ఎల్లినాను.”

“మరి?”

“వచ్చేసినాను.”

“ఇవాళ గేటు తీసే ఉంటుంది. పిల్లాజెల్లా అందరినీ లోపలికి రానిస్తారు. నిన్నెవరైనా ఆపినారా?”

“నన్నెవడాపుతాడు?”

“నాన్నా, బండికి పెట్టినావా లేదా?”

“నువ్వు రుద్దు. గంధం ఇంకా ఆ మూల ఉంది.”

“రుద్దుతున్నాను. పెట్టినావా?”

“బండుంటే కదా.”

“అంటే?”

“షెడ్డు తలుపు తీసుంది. లోపలికెల్లినాను. మోటార్ సైకిళ్లు ఎట్టుకున్నారు. నేల మీద నాలుగు సక్రాల మచ్చలు, నూనె మరక. అంతే. నా దగ్గర పని నేర్సుకున్న కృపారావు ఎదురొచ్చి, గురూజీ, మీకు కబురు తెలీదేటి, పదిహేను రోజులైంది, పనికిరాదని కండెం సేసి ముక్కలకి ఇచ్చేసినారు అన్నాడు. వయసైపోయింది కదా, దాన్దేం తప్పు లేదు, ఎవరి తప్పూ లేదు. కొత్తది వచ్చింది, అవతల షెడ్డులో ఉంది, రండి, మీ సేత్తో బొట్టెట్టండి అన్నాడు.”

“పెట్టకపోయావా?”

“సేతులు రానేదురా. ఎనక్కి వస్తంటే దారిలోనే మీ అమ్మ ఫోను. ఎట్టినావా బండికి అంది. ఎట్టినాను అనేసినాను. నోట్లోంచి వచ్చేసింది. ఎక్కడెట్టినావు అంది. అద్దం మీద అన్నాను.”

“అమ్మకి నిజం చెప్పేస్తే ఏం?”

“నీకేటి తెలుసు? నువ్వు కడుపులో ఉండగా ఆ బండి కొత్తగా వచ్చింది. మీ అమ్మని పక్కన కూకోబెట్టుకుని షెడ్డు సుట్టూ ఒక్క సుట్టు తిప్పినాను. మా సూపర్‌వైజర్ మెమో ఇచ్చినాడు. ఆ మెమో ఇప్పటికీ మీ అమ్మ పెట్టెలో పట్టుసీర మడతలో ఉంది. ప్రతి ఏడూ పళ్లెం అదే సర్దుతాది. మొన్న తాల్‌బగీచా ఎల్లిపోతా కూడా సర్దెట్టి మరీ ఎల్లింది. బండి లేదని నానెలా సెప్పాల?”

“అందుకని…”

“అబద్దం ఆడేసినాను. పూజ పూటా అబద్దం. ఇంటికొచ్చి సూస్తే పళ్లెం సేతిలో అలాగే ఉంది. ఎర్ర బండి, నిచ్చెన, పైన లైటు. ఇల్లంతటికీ ఇదొక్కటే ఉంది. దీనికి ఎట్టేస్తే ఎట్టినానన్న మాటన్నా నిజమవుద్ది కదా అని. మళ్లీ టేపు సరిగ్గానే అంటించినాను. నీకు తెలీదనుకున్నాను.”

“నాన్నా, ఆ గుడ్డ తీసుకో.”

“ఇంకా పోనేదు. మూల ఎర్రగానే ఉంది.”

“ఉండనీ.”

“ఐదవుతోంది. ఆ కలకత్తావోడు…”

“ఆడి మొహం. బొట్టుతోనే చూపిస్తాను. మా నాన్న పెట్టినాడు అని చెబుతాను. ఇంకో మాట మాట్లాడకు.”

“ఫోను మోగతంది.”

“అమ్మ. నా రెండు చేతులూ నూనె. నువ్వు నొక్కు. పచ్చది. ఆఁ, ఆ పక్కన స్పీకర్ బొమ్మ కూడా నొక్కు… ఆఁ, చెప్పమ్మా.”

“ఒరే ప్రేమూ, మీ నాన్న ఏటి సేస్తన్నాడు?”

“ఏం లేదమ్మా. పూజ చేసినాడు.”

“పొద్దున్న ఫోన్ సేస్తే బండికి బొట్టెట్టినాను అన్నాడు.”

“పెట్టినాడమ్మా. నేను చూసినాను. అద్దం మీద పెట్టినాడు. పువ్వు కూడా పెట్టినాడు.”

“నువ్వూ మొదలెట్టినావా? ఆ బండిని ముక్కలకి ఇచ్చేసి పదిహేను రోజులైందిరా. కృపారావు పెళ్లాం గోల్‌బజార్‌లో కనిపించి సెప్పింది. ఆ మాట మీ నాన్నకి నా నోటితో సెప్పలేక, మీ అక్కకి నడుం నొప్పని సాకెట్టి ఇక్కడికొచ్చి కూకున్నాను. ఎట్టినాను అన్నాడంటే బద్దకించి షాపుకే ఎల్లుండడు. పోన్లే, ఆయనకింకా తెలీదు. తెలిస్తే ముద్ద దిగదు మడిసికి. నువ్వు మాత్రం నోరు జారకు నాయనా. ఆయన పక్కన లేడు కదా?”