నన్నొదిలి అలలెక్కిన ముఠా

అదేందే ఎలీసమ్మా, గుమ్మంలో నిలబడి నవ్వుతావేం? లోపలికి రా. వచ్చి ఈ వెలుగులో నిలబడు, నీ మొహం చూడనీ. అబ్బో! మాడిన పెనంలా అయ్యావు గదే! ముక్కు మీద తోలు కూడా లేచింది. ముప్పై ఏళ్ళు మిరప కళ్ళాల్లో కూర్చున్నా లేవని తోలు, కేరళలో ఏడు రోజులకే లేచిందా?

కూర్చో. ఆ పీట లాక్కో. ఏందీ, తొడలు పట్టేశాయా? పట్టెయ్యవూ మరి! అరవై రెండేళ్ళ దానివి, నీళ్ళ మీద పలకేసుకుని దాని మీద నిలబడటమేందే?

సర్ఫింగు! నిన్న రేషన్ షాపు కాడ మాబూబీ ఆ మాట పదిసార్లు అంది. కొత్త పెళ్ళికూతురు మొగుడి పేరు చెప్పినట్టు మెలికలు తిరిగిపోతా. "మేం సర్ఫింగు చేశాం పున్నక్కా" అంట. చేశారులే. మీరు అలల మీద ఎక్కారో, అలలే మీ మీద ఎక్కాయో ఎవరు చూడొచ్చారు?

బియ్యం సంచి పట్టుకుని నా దారిన నేనొచ్చా.

తెలియక అడుగుతా, మనకి సముద్రం లేదా? చీరాల పోతే ఓడరేవు లేదా? ఏటా కార్తీక పున్నమికి నేను మునిగి రావట్లా? దానికోసం ఒంగోల్లో రైలెక్కి అంతదూరం పోవాలా? నీ మనవరాలు లిడియాకి అక్కడ ఉద్యోగమైతే అయింది. వచ్చేపోయే వాళ్ళకి అలలెక్కడం నేర్పుద్ది, మంచిదే, పిల్ల గట్టిది. "అమ్మమ్మా, మా వాళ్ళ గదులు ఖాళీగా ఉన్నాయి, నీ స్నేహితుల్ని తీసుకుని వారం రోజులు రా" అనగానే మూటలు కట్టేయడమేనా?

ఏందీ? నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయా?

అదిగో. అక్కడే నాకు కాలేది. వెచ్చటి నీళ్ళంట! మన చేతులకి వెచ్చటి నీళ్ళంటే ఏందో నీకు నేను చెప్పాలా? పొద్దస్తమానం మిరపకాయల తొడిమలు తీసి ఇంటికొస్తే, వేళ్ళు నిప్పుకణికల్లా ఉంటే, వేణ్ణీళ్ళు పెట్టామన్న మనిషిని నిలువునా చీరేస్తామా లేదా? కాయ వచ్చిన కాడి నుంచి సీజన్ అయ్యేదాకా మనకి చన్నీళ్ళే గదే. మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకుని కూర్చున్నది ఎవరి పక్కన? నా పక్కన. సంతోషకుమారి కొత్తగా పనికొచ్చిన ఏడు, చేతులు మండి చంటిపిల్లలా ఏడుస్తుంటే కొబ్బరినూనె రాసింది ఎవరు? మంటకేమో నేను కావాలి. వెచ్చటి నీళ్ళకి మాత్రం మీరు ముగ్గురూ సరిపోయారు!

నవ్వమాక. నేనేం పరాచికాలాడట్లా.

సరే, ఇది చెప్పు. అక్కడ పొద్దున్నే మిమ్మల్ని లేపింది ఎవరు?

నువ్వా! బారెడు పొద్దెక్కినా ముసుగు తీయని దానివి, నువ్వు లేపితే వాళ్ళు లేచారా? మరి మాబూబీ షుగరు బిళ్ళ వేసుకుందా లేదా అని చూసింది? అదీ నువ్వే. బువ్వ దగ్గర సంతోషకుమారికి, మాబూబీకి తగువొస్తే సర్దింది? తగువే రాలేదా? బాగుంది. చాలా బాగుంది. మేస్త్రిని నేను లేకుండానే మన కూలి ముఠా నడిచిందన్నమాట.

నాకు అక్షరం ముక్క రాదు, నిజమే. పేరు రాయమంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతా. కానీ కాయ చేతిలో పెట్టు, ఎన్ని తడులు తాగిందో చెప్తా. సాయంత్రం కుప్పలు చూసి, ఎవరు తొడిమ సగానికే తుంచారో, ఎవరు తొందరపడి కాయ చింపారో, మొహం చూడకుండా చెప్తా. ఇరవై రెండేళ్ళు ఈ ముఠాకి మేస్త్రిగా ఉన్నా. పున్నమ్మ ముఠా పని ఇట్లా ఉందని ఒక్క రైతు వేలెత్తి చూపించాడా? అట్లాంటి దాన్ని, చెప్పు తెగితే వదిలేసినట్టు వదిలేసి పోతారా?

ఏంటీ? పిలిచావా?

పిలిచావులే, కాదన్నానా? ఆ సోమవారం పొద్దున ఆటో మా గేటు దగ్గర ఆపి, కాలు కింద పెట్టకుండా, "పున్నక్కా!" అని ఒక కేక వేశావు. ఒక్క కేక! ముప్పై ఏళ్ళ స్నేహానికి ఒక్కటే కేకా!

ఆ మాట అంటావని నాకు తెలుసే. అవును, నా పద్ధతే. నేను పెట్టిందే. తెల్లారగట్ల ఇంటింటికీ పోయి ఒక్కటే కేక. పలికితే పనికి రావాలి, పలక్కపోతే ఆ పూటకి పని లేదు. రెండో కేక నా నోట రాదు. నీ చిన్నోడికి జ్వరమొచ్చి నువ్వు బయటికి రావడం ఆలస్యమైన రోజున కూడా వెయ్యలా. నిన్ను వదిలేసి పోయా. నువ్వు పంట కాలవ దాకా వెనక పరిగెత్తుకొచ్చావు. అది కడుపులో పెట్టుకునే ఇప్పుడు...

మర్చిపోయావా? అసలు గుర్తే లేదా నీకు? మేస్త్రి పద్ధతని అట్లా చేశావా? నేను నేర్పినట్టే?

ఓసి నీ అమాయకం తగలెయ్య! అది పనికి పెట్టిన పద్ధతే! సముద్రానికి పోయేటప్పుడు కూడానా?

నిజం చెప్పనా? ఆ పూట నేను ఇంట్లోనే ఉన్నా. ఇదుగో, ఈ తలుపు వెనకాలే. తల దువ్వుకుని, నీలం చీర కట్టుకుని. మా కోడలు హేమశ్రీ నా సంచి సర్ది రెండు రోజులైంది. రెండు తువ్వాళ్ళు, కొత్త నైటీ, మీ అందరికీ అని అల్లప్పచ్చడి సీసా. నువ్వు కేకెయ్యగానే "అత్తయ్యా, పిలుస్తున్నారు" అంది. "ఉండవే, ఇంకోసారి పిలవనీ" అన్నా. పెద్దదాన్ని గదా, ఒక్క కేకకే ఉరికితే ఏం మర్యాద? చెప్పుల్లో కాళ్ళు పెట్టి నిలబడ్డా. ఆటో కదిలిన చప్పుడయింది.

హేమశ్రీ పచ్చడి సీసా తీసి మళ్ళీ అల్మారాలో పెట్టింది. ఏదన్నా అన్నా బాగుండేదే ఆ పిల్ల.

ఇంకోటి కూడా చెప్తా, నవ్వితే నవ్వు. మీ వీడియో హేమశ్రీ ఫోన్లోకి వచ్చింది. సంతోషకుమారి పలక మీద కొంగలా రెక్కలు చాపి నిలబడుద్ది చూడు, నువ్వు బోర్లా పడి ఉప్పునీళ్ళు ఉమ్ముతుంటావు, మాబూబీ ఒడ్డున ఇసకలో కూలబడి నవ్వలేక పొట్ట పట్టుకుంటది. అదే. పదకొండు సార్లు పెట్టించుకున్నా. "ఏం చూస్తున్నారత్తయ్యా అన్నిసార్లు?" అంది. "ఎలీసమ్మ కాలు పెట్టడం తప్పే, చూడు" అన్నా.

నిజానికి చూడట్లేదే నేను అప్పుడు. వింటున్నా. ఆ నవ్వుల మధ్య ఎవరన్నా "పున్నక్క కూడా ఉంటేనా" అంటారేమోనని.

ఎవరూ అనలా.

మాబూబీ అంత పెద్దగా నవ్వుద్దని నాకు ఇన్నేళ్ళూ తెలవదు. ఎట్లా తెలుస్తది? నోరు తెరిస్తే ఘాటు గొంతులో పడుద్ది, మూసుకుని పని చూడండి అని అరిచేది నేనేగా.

పోనీ, వీడియోలో లేకపోతే లేదు. రైల్లో? బువ్వ తినేటప్పుడు? ఏడు రోజుల్లో ఒక్క పూటన్నా నా ఊసు వచ్చిందా? నీ ఏసుప్రభువు మీద ఆన, నిజం చెప్పు.

తల దించుకున్నావు.

సరేలే. అబద్ధమాడలా, అదే చాలు.

నేను మాత్రం ఆ ఏడు రోజులూ మీ ముగ్గురి పేర్లు తప్ప ఇంకో మాట మాట్లాడలేదే. గేదెకి కుడితి పెడతా మీరే, అంట్లు తోముతా మీరే. తిట్లేలే, అన్నీ తిట్లే. అయినా మీ పేర్లేగా.