బొమ్మ కింద పేరు

మనుషుల బొమ్మలు వేసి బతికిన ఆలుమగల మీద పుస్తకం రాద్దామని, 2012లో కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి వచ్చింది ఒక అమ్మాయి. వాళ్లల్లో తాత పోయి ఏడాదైంది, అవ్వ ఒక్కతే ఉంది. గోడ మీది బొమ్మలన్నిటి కిందా తాత పేరే.

"ఇవన్నీ తాతనే ఏసిండా, అవ్వా?"

"మొదట్ల మొఖం ఆయన ఏస్తుండె, చీరలు, నగలు నేనేస్తుంటి. ఆయన చేతులు వణుకుడు వట్టినంక అన్నీ నేనే ఏసిన."

"మరి సంతకం?"

"వంకర పోయినా అది ఆయనే పెట్టేటోడు. అది గూడ నేను గుంజుకుంటే ఆయనకేం మిగులుతుండె?"



"పుస్తకంల ఎవరి పేరు రాయాలె, అవ్వా?"

అవ్వ గోడకేసి చాలాసేపు చూసింది.

"ఇగ నాది రాయి, బిడ్డా. ఆయనది మాత్రం కొట్టెయ్యకు."