ఆఖరి కూత

మార్చురీ బయట ఇద్దరే ఉన్నారు: కబడ్డీ బనీను మీదున్న కుర్రాడు, మిరపకాయల కోత నుంచి తిన్నగా వచ్చిన ఆమె.

"కళ్ళు తుడుచుకోకక్కా. చేతులకి మిరప ఘాటుంది."

"ఆదివారమైతే ఏలియాని ఆరాధనకి లాక్కెళ్ళేదాన్ని. బుధవారం పెట్టారేంరా ఈ ఆట?"

"పెద్దవాళ్ళు పెట్టారక్కా. నాకౌట్ కప్పు, ఓడితే ఇంటికే. ఆఖరి కూతకి మీ తమ్ముడే వెళ్ళాడు. ఐదుగురు మీద పడ్డారు."

"కూత ఆపేస్తే వదిలేస్తారుగా?"

"ఆపితే ఓడిపోతామని ఆపలేదు."

"ఊపిరాడకపోయినా కబడ్డీ కబడ్డీ అంటానే ఉన్నాడా?"

"చివర్లో మాట మారింది. మాట మారితే కూత పోయినట్టే. రిఫరీ అవుటిచ్చాడు. మేమంతా ఏలియానే తిట్టాం."

"ఏమన్నాడ్రా?"

"చెప్పలేనక్కా."

"చెప్పు."

"'అక్కా' అన్నాడు."