నాలుగు గదుల గ్లాసు

(1999. గోపన్‌పల్లి పక్క యూనివర్సిటీలో మైక్రోస్కోపు గది. రక్తకణాల మీద పరిశోధన చేస్తున్న ఇద్దరు: సీనియర్ పుణ్యవతి, జూనియర్ నరేందర్.)

“కాదు నరేందర్, రక్తం చుక్కలు పోసి చూసే ఈ నాలుగు గదుల గ్లాసులు మన మైక్రోస్కోపుకి నప్పట్లేదు. అడుగు మరీ పల్చన. లెన్సు మీద ఏం రాసుందో చూడు, పాయింట్ వన్ సెవెన్ మిల్లీమీటర్లు. ఆ మందం ఉన్నవే తెప్పిద్దాం.”

“మల్ల అదే మాట. నూనె చుక్క ఏసి చూసే లెన్సుకు గంత తేడా పడదని నాకు నేర్పిందే నువ్వు గదక్కా.”

“పడుతుందేమో. గ్లాసులు తెప్పించే ఏజెంటుకి ఫ్యాక్స్ ఇవాళే వెళ్లాలి. మాదాపూర్‌లో కొత్త బిల్డింగులో మీ ఫ్రెండు సాయిచంద్ ఉన్నాడుగా, అక్కణ్నించి పంపుదాం.”

“జర ఆగు. అవి బయటి దేశం నుంచి రావాలె. వచ్చేదాంక చేతులు ముడుచుకొని కూసుంటమా? గీ గ్లాసుకేమైందో చెప్పు ముందుగాల.”

“కనపడట్లేదు.”

“ఏం కనపడతలేదు?”

“తెల్లకణాలు. అడుగుకి అతుక్కుని పాకాలి కదా. పాకట్లేదు.”

“కనపడతలేవా, పాకుతలేవా?”

“రెండూ ఒకటే.”

“ఒకటెట్లయితయి? జరుగు, నేను చూస్త.”

“వద్దు, కూర్చో. మెట్లెక్కి వచ్చి ఇంకా ఆయాసపడుతున్నావు.”

“ఎండకు. లింగంపల్లిల రైలు దిగి నడిచిన. నాలుగు గదులల్ల గట్లనే ఉన్నదా?”

“మంచినీళ్లు తాగుతావా?”

“నీళ్లు తర్వాత. నాలుగింటిల?”

“మూడు బానే ఉన్నాయి.”

“మూడు మంచిగుంటే గ్లాసు మంచిగున్నట్టే. నాలుగింటికీ అడుగు ఒక్కటే, నడుమ గోడలే గద. దీనికింత పరేషాన్ ఎందుకు? నాలుగోదాంట్ల ఏదో తప్పు పోసినవ్.”

“మళ్లీ పోశాను. గ్లాసు మార్చాను, గది మార్చాను.”

“మారిస్తే?”

“ఆ రక్తం ఏ గదిలో పోస్తే ఆ గదిలోనే కదలట్లేదు.”

“అయితే రక్తంలనే ఉన్నది. గ్లాసునెందుకు తిడుతున్నవ్? ఎవరిదది?”

“ఫ్యాక్స్‌కి టైమవుతోంది.”

“అక్కా, ల్యాబుల రక్తానికని సూది గుచ్చించుకునేది నలుగురమే. నీది, సార్‌ది, అఖిలది...”

“కొత్త గ్లాసులొచ్చాక ఇంకోసారి చూద్దాం. అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దు.”

“ఎవరికో ఎందుకు, నాకే చెప్తలేవు.”

“నీకీమధ్య జ్వరం వస్తోందా, నరేందర్?”

“అందరికొచ్చేదే. రాత్రిపూట జర వస్తది, పొద్దుగాల పోతది.”

“ఎన్నాళ్లనుంచి?”

“పండ్లు తోముకుంటే నెత్తురెందుకొస్తుందని గూడ అడుగు.”

“వస్తోందా?”

“బ్రష్షు గట్టిది. కొత్తది కొనాలె.”

“రేపు ఆసుపత్రికి వెళ్దాం. నేనూ వస్తాను. నాకు భయమేస్తోందిరా. గ్లాసుదే తప్పయితే బావుండని పొద్దున్నించీ మొక్కుకుంటున్నాను.”

“ఆ ఫ్యాక్స్ కాగితం ఇటియ్యి.”

“ఏం చేస్తావు?”

“మందం గ్లాసులు రాస్త. నువ్వన్నదే నిజమక్కా, ఇవి మన మైక్రోస్కోపుకు నప్పుతలేవు.”